తోడు అద్దాలు

రేడియేషన్ తగిలిన అద్దాలు నిక్షేపంగా ఉన్నాయి, తగలనివి చచ్చిపోయాయి. ఆ మాట చెవిన పడగానే మా సంస్థ పెద్దాయన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు.

"చూశారా! రేడియేషన్ మన అద్దాలకి బలం ఇస్తోందన్నమాట!"

గదిలో పదకొండుమందిమి ఉన్నాం. పదిమందీ పెద్ద చదువులు చదివినవాళ్ళు. ఒక్కళ్ళూ నోరు మెదపలేదు, పైగా ఇద్దరు ఆయనతో పాటు చప్పట్లు కూడా కొట్టారు. పదకొండోదాన్ని నేను. టీ కప్పులు తీసుకెళ్ళడానికి వచ్చాననుకుని నా ముందుకు రెండు కప్పులు జరిపారు. నేను వచ్చింది ఫలితం వినడానికి. ఆ అద్దాల్ని సంచుల్లో పెట్టి మూతులు అతికించింది నేను.

ముందు ఆ అద్దాల సంగతి చెబుతాను. చెప్పకపోతే మా పెద్దాయనకి అర్థమైనంతే మీకూ అర్థమవుతుంది.

ఒక్కో అద్దం వేలెడు పొడుగున్న గాజు పలక. దాని మీద రెండు వందల చుక్కలు, ఒక్కోటి ఆవగింజలో సగం ఉండదు. ప్రతి చుక్కలో ఒక్కో రకం యాంటీబాడీ ఎండబెట్టి ఉంటుంది. యాంటీబాడీ పని పట్టుకోవడం. ఏదైనా సూక్ష్మజీవి తాలూకు ముక్కని కుందేలుకి ఎక్కిస్తే, దాని రక్తంలో ఆ ముక్కని మాత్రమే పట్టుకునే యాంటీబాడీ పుడుతుంది. ఇంకోదాన్ని కన్నెత్తి చూడదు. అలాంటివి రెండు వందల రకాలు అద్దం మీద పెట్టి, అద్దాన్ని పెట్టెలో పెట్టి, పెట్టెని నౌకలో పెట్టి వేరే గ్రహానికి పంపిస్తారు. అక్కడి మట్టిని నీళ్ళలో కలిపి అద్దం మీద పోస్తే, ప్రాణమున్నది ఎప్పుడైనా వదిలిపోయిన జాడ అందులో ఉంటే ఏదో ఒక చుక్క పట్టుకుంటుంది. పట్టుకున్నట్టు మనకి తెలియాలి కదా. అందుకని యాంటీబాడీకి వెలిగే రంగొకటి కట్టి ఉంటుంది. పట్టుకున్న చుక్క యంత్రంలో ఎర్రగా వెలుగుతుంది.

పక్క వాటాలో ఉన్నావిడ బతికుందో లేదో నెలకోసారైనా కనుక్కోని మనుషులు, కోట్ల మైళ్ళ అవతల ఎవరైనా ఉన్నారా అని కుందేలు రక్తంతో కబురు పంపిస్తారు. నాకు నవ్వొస్తుంది. అయినా పంతొమ్మిదేళ్ళుగా ఆ పనిలోనే ఉన్నాను. మొదట గాజు సామాను కడిగేదాన్ని. తరవాత అద్దాల సంచులు అతికించే పని నా చేతికొచ్చింది. నన్ను అందులో పెట్టింది మా చెల్లెలి కూతురు. ఆ అద్దాలు తనవే. రెండు వందల చుక్కలూ ఎంచింది, కుందేళ్ళ గదిలో ఆదివారాలు గడిపింది, ఎనిమిదేళ్ళు అదే లోకంగా బతికింది. తను నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది కాబట్టి ల్యాబ్‌లో అందరికీ నేను పెద్దమ్మనే. పెద్దాయనకి మాత్రం "ఏమ్మా"ని.

పెద్దాయనకి మేం పెట్టుకున్న పేరు మైకు, ఆ గొంతుకి. ఇంధనం ట్యాంకుల విభాగంలో పైకొచ్చి, అక్కడ ఇక ఎక్కడానికి మెట్లు లేక మా మీదికి వచ్చాడు. ప్రాణం గురించి ఎప్పుడు మాట్లాడినా ట్యాంకు గురించి మాట్లాడినట్టే ఉంటుంది: నిండా, ఖాళీయా, కారుతోందా.

మా అద్దాలకి ఉన్న భయం రేడియేషన్. నౌక అక్కడికి చేరడానికి ఆరేళ్ళు. దారి పొడుగునా కంటికి కనపడని కణాలు తుపాకీ గుళ్ళలా వచ్చి తగులుతూనే ఉంటాయి. ఆరేళ్ళూ అలా దెబ్బలు తిన్న యాంటీబాడీకి పట్టుకునే గుణం మిగులుతుందా, చేతులు విరిగిపోయి కూర్చుంటుందా? తెలుసుకోవాలంటే ఇక్కడే కొట్టి చూడాలి. రైల్లో తొమ్మిది గంటలు వెళితే అలాంటి చోటొకటి ఉంది. బీమ్ గది అంటారు, ఆ కణాల ధారే బీమ్. ఆరేళ్ళ దెబ్బ అక్కడ నలభై నిమిషాల్లో వేస్తారు.

ఇరవై నాలుగు అద్దాలు తీశాం. ఎనిమిది బీమ్‌లోకి వెళ్ళేవి. ఎనిమిది వాటితో రైలెక్కి, అక్కడిదాకా వెళ్ళి, బీమ్ గదిలోకి మాత్రం వెళ్ళకుండా బయట కూర్చుని తిరిగొచ్చేవి. ఎనిమిది ఇక్కడే ఫ్రిజ్‌లో ఉండేవి. పుస్తకాల్లో వీటికి పెద్ద పేర్లున్నాయి. సంచుల మీద రాసేది నేను కాబట్టి మా పిల్ల నాకు అనువుగా పేర్లు పెట్టింది. దెబ్బవి, తోడువి, ఇంట్లోవి.

"తోడువి ఎందుకే, దండగ?" అని మొదట్లో అడిగాను.

"రేపు దెబ్బవి చచ్చిపోయాయనుకో పెద్దమ్మా. చంపింది బీమా, రైలు కుదుపా, దార్లో ఎండా? ఎలా తెలుస్తుంది? తోడువి బతికుంటే బీమ్ అని తెలుస్తుంది. తోడువి లేకపోతే దెబ్బవాటి సాక్ష్యం చెల్లదు."

నాకు ఒక్కసారి చెబితే అర్థమైంది. నేను అక్షరాలు వచ్చేదాకే బడికి వెళ్ళినదాన్ని.

ఇప్పుడు ఫలితం. ఆ సూక్ష్మజీవుల ముక్కలే అద్దాల మీద పోసి చూస్తే, వంద చుక్కలకి ఇంట్లోవి తొంభై అయిదు వెలిగాయి. దెబ్బవి తొంభై మూడు. బయట కుర్చీలో కూర్చుని వచ్చిన తోడువి ముప్ఫై ఒకటి.

చప్పట్లు కొట్టిన మధ్యాహ్నమే మైకు పత్రికలకి ప్రకటన ఇచ్చాడు. రేడియేషన్ వల్ల తమ సెన్సర్లు మరింత దృఢమవుతున్నాయని. మా పిల్ల వద్దు సార్, ఆగండి సార్ అంటూ మెట్ల దాకా వెంటపడింది. మూడో రోజున వేరే ల్యాబ్ నుంచి ఒకాయన రెండు వాక్యాల ఉత్తరం రాశాడు. "అభినందనలు. ఇకనుంచి మీ అద్దాల్ని రోజూ పొద్దున్నే కాసేపు బీమ్‌లో కూర్చోబెట్టండి, ఆరోగ్యానికి మంచిది." ఆ ఉత్తరం భవనమంతా తిరిగింది. గేటు దగ్గర వాచ్‌మన్ కూడా చదివాడు.

దానితో మైకు గొంతు మారింది. మమ్మల్ని పిలిచాడు.

"తప్పు ప్యాకింగ్‌లో ఉంది. సంచుల్లోకి గాలి పోయింది, తేమ చేరింది. అంతే. ఏమ్మా, వయసు మీద పడింది, చెయ్యి వణుకుతుంది, సహజం. ఒప్పేసుకోండి, మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు."

"దెబ్బవాటిని అతికించింది కూడా ఈ చెయ్యే కదండీ. అప్పుడు వణకలేదా?"

"అదృష్టం," అన్నాడు. పెద్ద ఉద్యోగంలో ఉన్నాయన, శాస్త్రం పేరుతో నడిచే సంస్థలో కూర్చుని, అదృష్టం అన్నాడు.

బయటికొచ్చాక మా పిల్ల గోడకి ఆనుకుని నిలబడింది. "గురువారం కమిటీ కూర్చుంటుంది పెద్దమ్మా. నౌకలో ఒక్క చోటే మిగిలింది. మన పెట్టెకీ, రాళ్ళు గీకే యంత్రానికీ పోటీ. ప్యాకింగ్ తప్పని రాస్తే మొత్తం పరీక్షే చెల్లదంటారు. చోటు వాళ్ళకి పోతుంది."

"తరవాతి నౌక?"

"పద్నాలుగేళ్ళకి. నాకు యాభై మూడొస్తాయి." ముక్కు తుడుచుకుని, "అప్పటికి కుందేళ్ళు కూడా ఉండవు," అంది. అది ఏడుపో హాస్యమో నాకు తెలియలేదు.

నాకు ఊరికే కంగారు పుడుతుంది. పొయ్యి ఆర్పానా, తలుపు వేశానా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషిని. ఆయన పెద్ద నోటితో అన్నాడు కాబట్టి నా చేతి మీద నాకే అనుమానం పుట్టింది. శనివారం ల్యాబ్ ఖాళీగా ఉంటుంది. వెళ్ళాను. ఆ నెలలో నేను అతికించి మిగిలిపోయిన ఖాళీ సంచులు పదిహేడున్నాయి. తొట్టిలో నీళ్ళు పట్టి ఒక్కో సంచినీ ముంచి రెండు చేతులా నొక్కాను. చిల్లుంటే బుడగ రావాలి. పదిహేడింట్లో ఒక్క బుడగ రాలేదు. తడిసిన చేతులతో స్టూలు మీద కూర్చున్నాను. నాది కాకపోతే మరి ఎవరిది?

అప్పుడే మా అక్క మనసులోకి వచ్చింది. అది రాకుండా ఉండాలని నేను చాలా చేస్తాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు చేస్తే కొండ మీది ఆస్పత్రిలో పెట్టారు. తోడుగా అక్కని పంపారు. అక్కకి పదిహేను. నేనూ చెల్లెలూ బస్సు కిటికీ పట్టుకుని పరిగెత్తాం. ఏడాదికి అమ్మ నవ్వుతూ తిరిగొచ్చింది. అక్క రాలేదు. రోగి కాబట్టి అమ్మకి మందులిచ్చారు, పాలిచ్చారు, పూటకోసారి వేడి చూశారు. తోడు మనిషి దగ్గుతోందని ఎవరూ చూడలేదు. ఊళ్ళో వాళ్ళంతా వచ్చి "మీ అమ్మ బాగుపడింది కదా" అనే అన్నారు.

లేచాను. చెత్తబుట్ట దగ్గరికి వెళ్ళాను. కత్తిరించిన సంచుల్ని నెల్లాళ్ళదాకా పారేయనివ్వను, అది నా పద్ధతి. దెబ్బవాటి సంచులు ఎనిమిది, తోడువాటివి ఎనిమిది తీసి బల్ల మీద పక్కపక్కన పరిచాను.

నేను సంచి అతికించాక, మూతి దగ్గర నాలుగు వేళ్ళ వెడల్పు తోక వదులుతాను. కొలబద్ద పెట్టను, వేళ్ళు పెడతాను. తెరిచేవాళ్ళు అతుకు మీదే సన్నగా కత్తిరిస్తారు, తోక అలాగే వేలాడుతూ ఉంటుంది. దెబ్బవాటికి నాలుగు వేళ్ళు సరిపోయాయి. తోడువాటి మీద పెట్టాను. మూడు. మళ్ళీ పెట్టాను. ఎనిమిదింటికీ మూడే. అతుకు చూస్తే మా యంత్రానిది కాదు. మాది సన్నటి గీతలు గీతలుగా పడుతుంది. ఇది నున్నగా ఉంది, కొంచెం వంకర కూడా.

ఎవరో ఎనిమిది సంచుల్నీ తెరిచి, మళ్ళీ అతికించారు.

మా పిల్లకి ఫోన్ చేశాను. అరగంటలో వచ్చింది, చెప్పులు రెండూ రెండు రకాలవి వేసుకుని. సంచులు చూసి, "నేను కత్తిరించినప్పుడు చూసుకోలేదే," అని తల పట్టుకుంది.

"నీకు రెండు వందల చుక్కలు కనపడతాయి, సంచి కనపడదు. బీమ్ గదికి ఫోన్ చెయ్యి."

అక్కడి ఆపరేటర్ మంచి పిల్లవాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టింది.

"అవును మేడమ్, తెరిచారు కదా. మీరు లోపల బీమ్ దగ్గరున్నప్పుడు, మీతో వచ్చిన మీ సారే. నన్ను మళ్ళీ అతికించమన్నారు, మా యంత్రం మీద అతికించాను. మీకు తెలుసనుకున్నాను."

"ఎందుకు తెరిచారు?"

"ఫోటోకండీ. పత్రికవాళ్ళు వస్తామన్నారు. వరండా కిటికీ గట్టు మీద ఎనిమిదీ వరసగా పేర్చారు, వెలుతురు బాగా పడుతుందని. ఫోటోగ్రాఫర్ ఆలస్యం చేశాడు. ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా అవి అక్కడే ఉన్నాయి."

మా పిల్ల కళ్ళు మూసుకుంది. నేను కిటికీ వైపు చూశాను. మా ల్యాబ్‌లో అద్దాల గదికి కిటికీ లేదు. పసుపుపచ్చ బల్బు ఒక్కటే, తలుపుకి రెండు పొరల నల్లగుడ్డ. అద్దానికి కట్టిన రంగు ఎండని ఓర్చుకోదు, గంటల్లో వెలిసిపోతుంది. ఈ సంగతి నేల తుడిచే మనిషికి తెలుసు. మైకు వచ్చి ఆరేళ్ళయింది, ఒక్కసారి కూడా ఆ గుడ్డ పక్కకి జరిపి లోపలికి రాలేదు.

"ఆరేళ్ళ ఆకాశం ఏమీ చేయలేకపోయింది పెద్దమ్మా," అంది మా పిల్ల. "మూడు గంటల కిటికీ చంపేసింది."

"చంపిందో, రంగు మాత్రమే పోయిందో చూడు ముందు."

అక్కడ నా మెదడు దానికంటే వేగంగా పనిచేసిందని నేను ఇప్పటికీ దెప్పుతుంటాను. మా పిల్ల ఆదివారం అంతా పనిచేసింది. తోడు అద్దాలకి కొత్తగా రంగు కట్టి చూస్తే తొంభై దాటి వెలిగాయి. యాంటీబాడీలు బతికే ఉన్నాయి. ఇంట్లోవాటిలో ఒకదాన్ని తీసి మూడు గంటలు కిటికీలో పెడితే ముప్ఫై మూడుకి పడిపోయింది. సోమవారం పొద్దుటికి సాక్ష్యమంతా చేతిలో ఉంది.

"ఇంకేం, గురువారం చెప్పెయ్యి."

"అద్దం కిటికీలోకి ఎలా వెళ్ళిందని అడుగుతారు కదా."

"సార్ పెట్టాడని చెప్పు."

"ఆయన సంతకం లేకుండా నా కాగితం కమిటీ బల్ల మీదికే వెళ్ళదు పెద్దమ్మా. ముందు నేనే ఆయనకి చెప్పాలి. ఎలా చెప్పను? సార్, మీరే సార్ అననా?"

"ఎనిమిదేళ్ళు కుందేళ్ళతో ఉండి కుందేలువైపోయావు."

నాకు కోపం వచ్చింది. ఆ పిల్ల భయం నాకు తెలియనిది కాదు, తెలిసే అన్నాను. చివరికి కాగితం మీద "తోడు అద్దాలు సుమారు మూడు గంటలు ఎండకి గురి అయ్యాయి" అని రాసింది. ఎవరి వల్ల అన్నది రాయలేదు. మైకు చదవకుండానే సంతకం పెట్టాడు. ఆయన సంతకం పెట్టే ముందు చదివేది తన పేరు అచ్చుతప్పులు లేకుండా ఉందా లేదా అనే.

గురువారం కమిటీ గదిలో ఏడుగురు. మధ్యలో కూర్చున్న అధ్యక్షురాలు జుట్టు మొత్తం నెరిసిన సన్నటి మనిషి, మాటకి ముందు కలం మూత పెట్టే అలవాటు. మైకు అరగంట మాట్లాడాడు. మానవజాతి అన్నాడు, ఆకాశమే హద్దు కాదన్నాడు, ఆఖర్న మాత్రం "ప్యాకింగ్‌లో చిన్న లోపం" అని నా వైపు చెయ్యి చూపించాడు. ప్యాకింగ్ మనిషిగా నన్నూ పిలిపించారు మరి. గోడ పక్క కుర్చీలో కూర్చున్నాను, ఒళ్ళో సంచుల కట్ట.

అధ్యక్షురాలు కాగితం తిరగేసింది. "ఇందులో ఎండ అని ఉంది. మీరు ప్యాకింగ్ అంటున్నారు. ఏది నిజం?"

మైకు కాగితం కేసి మొదటిసారి చూశాడు.  మా పిల్ల చేతిలో కలం కిందపడింది. అది వంగి వెతుక్కుంటూ బల్ల కిందే ఉండిపోయింది.

నేను లేచాను. "అమ్మా, నాకు రెండు నిమిషాలిస్తారా?"

"మీరు?"

"సంచులు అతికించేదాన్ని."

బల్ల దగ్గరికి వెళ్ళి దెబ్బవాటి సంచి ఒకటి, తోడువాటి సంచి ఒకటి పెట్టాను. వేళ్ళు పెట్టి చూపించాను. ఇది నాలుగు, ఇది మూడు. అతుకులు చూపించాను. ఇది మాది, ఇది అక్కడిది. అధ్యక్షురాలు నా వేళ్ళ పక్కన తన వేళ్ళు కూడా పెట్టి చూసింది.

మైకు నవ్వాడు. "వేళ్ళ లెక్క మీద శాస్త్రం నడుస్తుందాండీ?"

"ఈ సంచి తెరిచారంటోంది ఈవిడ. తెరిచారా?"

"తెరిచారు. నేనే తీయించాను." ఏ మాత్రం తడుముకోలేదు. "పత్రికల వాళ్ళొస్తే ఏదో ఒకటి చూపించాలి కదండీ. కానీ నేను అజాగ్రత్త మనిషిని కాను. అసలువాటిని ఒక్కదాన్ని కూడా ముట్టుకోలేదు. ముట్టుకోనివ్వలేదు కూడా. తోడువాటినే తీశాను."

 అధ్యక్షురాలు కలం మూత పెట్టింది.

"తోడువాటిని ఎందుకు పంపిస్తారో మీకు తెలుసా?"

మైకు రెండు చేతులూ చాపాడు, ఇంత చిన్న ప్రశ్న అడుగుతారా అన్నట్టు. "తోడుకి!"

కిటికీ పక్కన కూర్చున్న లావుపాటాయన దగ్గు వచ్చినట్టు నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. పక్కాయనకి కూడా అదే దగ్గు పట్టుకుంది. బల్ల కింద నుంచి మా పిల్ల లేచింది, కలం దొరికినట్టుంది. లేచాక మాత్రం ఆగలేదు. వెలిసిన రంగు, బతికే ఉన్న యాంటీబాడీలు, ఆదివారం కిటికీలో పెట్టిన అద్దం, అంకెలన్నీ వరసగా చెప్పింది.  మైకు మధ్యలో ఒకసారి "అదే నేను చెప్పేది" అన్నాడు.

కమిటీ వాళ్ళు మమ్మల్ని బయట కూర్చోబెట్టి గంట తరవాత పిలిచారు. అధ్యక్షురాలు చదివింది. చోటు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. మాకు పన్నెండు రోజులు. మళ్ళీ వెళ్ళి రావాలి, దెబ్బవీ తోడువీ రెండూ, ఏ సంచీ తెరవకుండా. మూడు రకాలూ ఒక్కలా వెలిగితే చోటు మాది. లేకపోతే రాళ్ళు గీకేది. ఇంకో మాట కూడా ఉంది. "తోడు అద్దాల వెంట బాధ్యత గల మనిషి ఒకరు మొదటి నుంచి చివరిదాకా ఉండాలి." చదివి నా వైపు చూసింది.

"నేను వెళతాను," అన్నాడు మైకు.

"మీరు కాకుండా," అందావిడ.

నాకు రైలంటే పడదు. ఎవర్ని ఎక్కించినా, నేను ఎక్కినా, కదిలేటప్పుడు అక్క బస్సు కిటికీయే గుర్తొస్తుంది. అందుకని ముప్ఫై ఏళ్ళుగా స్టేషన్ ఉన్న రోడ్డులోంచే నడవను. ఈసారి తప్పలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని తొమ్మిది గంటలు కూర్చున్నాను. ఎదురు సీటావిడ "ఏముందండీ అందులో, మందులా?" అంది. "కుందేలు రక్తం," అన్నాను. తరవాత ఆవిడ నన్నేమీ అడగలేదు.

బీమ్ గదికి ఉక్కు తలుపు, గోడ నాలుగడుగుల మందం. మా పిల్ల దెబ్బవాటి డబ్బా తీసుకుని ఆపరేటర్‌తో లోపలికి వెళ్ళింది. నేను వరండాలో ఆ కిటికీ చూశాను. పెద్ద కిటికీ, గట్టు వెడల్పుగా, ఎండ నిండుగా ఉంది. ఫోటోకి నిజంగానే బాగుంటుంది. చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే చీకటి గది ఒకటి పక్కనే ఉంటే తలుపు తీయించుకుని, తోడువాటి డబ్బా ఒళ్ళో పెట్టుకుని లోపల కూర్చున్నాను.

ఆపరేటర్ తలుపు సందులోంచి తొంగి చూశాడు. "పెద్దమ్మగారూ, ఇక్కడ కూర్చున్నారేంటి? రండి, తెర మీద బీమ్ చూద్దురుగాని. అందరూ అదే చూడ్డానికి వస్తారు."

"అందరూ అదే చూస్తారనే ఇక్కడ కూర్చున్నాను బాబూ. తలుపు దగ్గరగా వెయ్యి."

నలభై నిమిషాలన్నది ఎప్పుడూ నలభై కాదు. యంత్రం ఒకసారి మొరాయించింది, మళ్ళీ వేడెక్కాలన్నారు. నాలుగు గంటలు కూర్చున్నాను. ఫినాయిలు వాసన. గోడ అవతల ఏదో గుయ్యిమంటూ, ఆగుతూ. కాళ్ళు తిమ్మిరెక్కాయి. డబ్బా మూత మీద చెయ్యి తీయలేదు. ఒకసారి మూత తీసి చూద్దామనిపించింది, అన్నీ ఉన్నాయో లేవో అని. నాకు అన్నిటికీ అలాగే అనిపిస్తుంది. తీయలేదు. ఎనిమిది సంచుల్నీ డబ్బా మీంచే మనసులో లెక్కపెట్టుకున్నాను.

తిరిగొచ్చిన మర్నాడు మా పిల్ల పసుపు బల్బు గదిలో యంత్రం ముందు కూర్చుంది. నేను నల్లగుడ్డ లోపలి పక్క నిలబడ్డాను. తోకలు నాలుగు వేళ్ళు ఉన్నాయో లేదో అన్నిటికీ చూసి, అప్పుడు కత్తెర ఇచ్చాను.

"ఇంట్లోవి తొంభై అయిదు." చాలాసేపటికి, "దెబ్బవి తొంభై మూడు."

తరవాత యంత్రం మీట మళ్ళీ నొక్కింది.

"చెప్పవే."

"మళ్ళీ చదివిస్తున్నాను."

"మొదటిసారి ఎంతొచ్చిందో అది చెప్పు."

"తొంభై నాలుగు." యంత్రం ఇంకోసారి టిక్కుమంది. "రెండోసారీ తొంభై నాలుగే పెద్దమ్మా."

అది ఏడ్చింది. నేను కత్తెర తుడిచి సొరుగులో పెట్టాను. సొరుగు ఎందుకో మూడుసార్లు తెరిచి మూశాను.

నౌకలో చోటు మాదేనని వారానికి ఉత్తరం వచ్చింది. మైకు పత్రికలకి మరో ప్రకటన ఇచ్చాడు. అంతరిక్ష రేడియేషన్‌తో పాటు సూర్యకాంతి ప్రభావాన్ని కూడా తన ఆధ్వర్యంలో తొలిసారిగా పరీక్షించారట. దాన్ని గోడకి అంటించారు. మా పిల్ల చదివి పళ్ళు కొరుక్కుంది. నేను రెండుసార్లు చదివాను. అచ్చుతప్పులు లేవు.

ఆ సాయంత్రం అది లెక్క చెప్పింది. వెళ్ళే అద్దాలు పన్నెండు. అవి ఇక రావు, అక్కడే ఉండిపోతాయి. వాటితో పోల్చుకోవడానికి పన్నెండు ఇంట్లోవి ఇక్కడ ఫ్రిజ్‌లో ఆరేళ్ళు ఉండాలి, ఎవరూ ముట్టుకోకుండా. అక్కడ మట్టి పోసిన రోజున ఇక్కడ వీటిని తెరుస్తారు.

"ఆరేళ్ళకి నేను ఉంటానో లేదో."

"నువ్వా? మాకందరికీ మట్టి పోసి వెళతావు."

"సరేలే. ఫ్రిజ్ తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

అది చూపు తప్పించింది. "సంస్థ నియమం ప్రకారం సార్ దగ్గర ఒకటి ఉండాలిట."

"ఉండనీ," అన్నాను.

మర్నాడు పొద్దున్నే తాళాలవాణ్ణి పిలిచి ఫ్రిజ్ తాళంకప్ప మార్పించాను. పాత తాళంచెవి మాత్రం శుభ్రంగా తుడిచి, చీటీ కట్టి, మైకు బల్ల మీద పెట్టి వచ్చాను.